చల్లని పరుపు

“సచ్చిన సేపని పెట్టినట్టు పసిగుంటణ్ణి ఐసులో పెడతారేటి? నానొప్పను.”

తవిటమ్మ గాజుతలుపుకి అడ్డంగా నిలబడింది. లోపల బల్ల మీద మగపిల్లాడు. ఆటోలో పుట్టాడు. పేగు మెడకి చుట్టుకుని నీలంగా వచ్చాడు, ఏడవలేదు. తల్లికి రక్తం ఆగకపోతే విశాఖపట్నం తీసుకుపోయారు. పిల్లాణ్ణి వేరే అంబులెన్సులో శ్రీకాకుళంలోని ఈ ఆసుపత్రికి తెచ్చారు. వెంట వచ్చింది తవిటమ్మ ఒక్కతే.

“ఐసు కాదమ్మా, చల్లని పరుపు,” అన్నాడు డాక్టరు జగన్నాధం. “ఊపిరి అందక మెదడు దెబ్బతింది. మూడు రోజులు ఒంటిని చల్లగా ఉంచితే ఆ దెబ్బ ముదరకుండా ఆగొచ్చు. పుట్టిన ఆరు గంటల్లోపే మొదలెట్టాలి. సగం టైము దారిలోనే అయిపోయింది.”

“పెట్టకపోతే?”

“బతికినా నడవకపోవచ్చు. మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు.”

“పెడితే బాగుపడతాడా?”

“మాటివ్వలేను. ఆశ ఉంది. తండ్రేడి?”

“ఎక్కడున్నాడో బాబూ.”

“మరెవరు ఒప్పుకుంటారు?”

తవిటమ్మ లోపలికి చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చేపల బేరమే ఆమెది. ఊపిరి పోయినదాని మీదే ఐసు వెయ్యడం ఎరుగును. చివరికి బొటనవేలు చాపింది.

“ముద్దరేయించుకోండి. బేగి సెయ్యండి.”

మనవరాలికి పచ్చకామెర్లని వచ్చిన బుల్లమ్మ వరండాలో పక్క చాప మీంచి ఇది విని బుగ్గలు నొక్కుకుంది. “పుట్టిన గుంటణ్ణి పొత్తిళ్ళలో ఎచ్చగా ఉంచాల గానీ, సల్లబెట్టమన్నావా? మగోళ్ళనడగొద్దా? రేపేటైనా అయితే ఎవులికి జవాబు సెప్తావు?”

తవిటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

బుల్లమ్మ కోసం పూటకొకరు క్యారేజీ తెచ్చేవారు. తవిటమ్మ కోసం ఎవరూ రాలేదు. ఆమె సెల్లు మోగలేదు. మోగుతుందేమోనని ఆమె చూడనూ లేదు. చీరకున్న నీచువాసనకి జనం కాస్త ఎడంగా జరిగి కూర్చుంటుంటే తనే ఇంకా మూలకి జరిగింది.

నర్సు రాజకుమారికి జాలేసింది. చేతులు కడిగించి లోపలికి తీసుకెళ్ళింది. ముక్కులో గొట్టం, ఒంటి నిండా వైర్లు. తవిటమ్మ ఒక్క వేలితో పిల్లాడి అరికాలు ముట్టుకుంది. చల్లగా ఉంది. చటుక్కున చెయ్యి తీసేసింది.

“కప్పనా అమ్మా, కొంగైనా?”

“వద్దు మామ్మా. కప్పితే పడ్డ కష్టమంతా పోద్ది.”

ఆ చల్లదనం వేలికే ఉండిపోయినట్టుంది. బయటికొచ్చి ఆ వేలిని గుప్పిట్లో మూసుకుని కూర్చుంది.

“ఇంటికెళ్ళి స్నానం చేసి రా,” అంది రాజకుమారి మర్నాడు.

“నానెల్తే ఆడికెవులున్నారు?”

మూడు రోజులు నిండాక పరుపు చల్లదనం తగ్గిస్తూ పిల్లాణ్ణి మెల్లమెల్లగా వెచ్చబరిచారు. తవిటమ్మ గాజుతలుపుకి నుదురానించి నిలబడింది. పాదాలు ఎర్రబడ్డాయి. పెదవి వణికింది. ముందు పిల్లికూన మూలిగినట్టు, తరవాత వార్డంతా వినపడేలా ఏడుపు. తవిటమ్మ అక్కడే చతికిలబడింది.

“ఇంకా కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలి,” అన్నాడు డాక్టరు. “కానీ మంచి గుర్తే.”

రాజకుమారి పిల్లాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. “ఇప్పుడు కప్పుకో మామ్మా, నీ ఇష్టం.” తవిటమ్మ రెండు చేతులతో గుండెకి హత్తుకుంది.

అప్పుడే చెమటలు కక్కుతూ ఓ కుర్రాడు వచ్చాడు. పేరు శివాజీ, పిల్లాడి తండ్రి. కేరళలో బోటు పనికెళ్ళాడు, రైలు దిగి నేరుగా విశాఖపట్నం పోయి వస్తున్నాడు. పెళ్ళాం కళ్ళు తెరిచిందట.

రాజకుమారి ఊరుకోలేదు. “బాగానే ఉందయ్యా మీ వరస. ముసిల్ది మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా పడుంటే, మీ ఇంటినుంచి పలకరించిన వాడు లేడు. కన్నతల్లినలా వదిలేస్తారా?”

శివాజీ తెల్లబోయి తవిటమ్మ వంక చూశాడు.

“ఆ అబ్బినేటీ అనకమ్మా,” అంది తవిటమ్మ, పిల్లాణ్ణి అతని చేతుల్లోకి జాగ్రత్తగా అందిస్తూ. “ఆడికి నానెవులో తెల్దు. బేరానికెల్తూ ఆటోలో ఆడి పెళ్ళాం పక్కన కూకున్నాను, అంతే.”