ముందు వరుస

“ఇది నువ్వే కదే?”

మొగుడు ఫోను ముఖం మీదకు తెచ్చేసరికి, పాపకు పాలిస్తున్న పిచ్చుక ఉలిక్కిపడి చూసింది. దారం మిల్లులో అందరూ ఆమెను పిలిచే పేరదే. మనిషి అంతే ఉంటుంది మరి.

ఫోనులో మంత్రిగారు మైకు పట్టుకుని నవ్వుతున్నాడు. “ఈ మిల్లు ఆడవాళ్ళున్నారే, వీళ్ళు పిల్లల కోసం సెలవు పెట్టరు. సెలవు కోసం పిల్లల్ని కంటారు.” ఆ వెంటనే ముందు వరుస కనబడింది. ఒళ్ళో పసిపాపను పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి చప్పట్లు కొడుతున్నది సాక్షాత్తూ తనే.

“నిన్ను తిడుతుంటే నువ్వే చప్పట్లు కొడతావా? బుద్ధి గడ్డి తిన్నదా?”

“నాకేం వినబడిందయ్యా? మంత్రిగారి సభకు సెలవులో ఉన్నవాళ్ళు కూడా రావాలని మిల్లునుంచి కబురు పెడితే వెళ్ళాను. ముందు వరుసే గానీ, కూర్చోబెట్టింది మైకు డబ్బాల వెనక. పక్కన అందరూ కొట్టారు, నేనూ కొట్టాను.”

అబద్ధం కాదు. మిల్లులో యంత్రాల హోరుకు పక్కమనిషి మాట కూడా వినబడదు. ఆడవాళ్ళ మేస్త్రి పెద్దక్క చెయ్యెత్తితే ఆపాలి, దించితే నడపాలి. ఆ హోరులో చెవులు కమ్మలు పెట్టుకోవడానికే. సభలోనూ పిచ్చుక అలవాటు కొద్దీ చేతులనే చూసింది.

మొగుడు తిట్టినంతసేపు తిట్టి పోయాడు. పోనిది మంత్రి మాట. అంత పెద్దాయనే అన్నాక మాదేముందని మిల్లు యజమాని బాలింత సెలవు ఎత్తేశాడు. పనిలోకైనా రావాలి, లేదంటే శాశ్వతంగా ఇంట్లోనైనా ఉండాలి. ఆడవాళ్ళంతా యంత్రాలు ఆపేసి గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు.

పిచ్చుక కూడా పాపను చంకనేసుకుని వెళ్ళింది.

“రా తల్లీ, రా. మంత్రిగారి మేనకోడలొచ్చింది, చాప వెయ్యండే,” అంది ఒకతె. టెంటంతా నవ్వింది.

“నాకూ సెలవు పోయింది, అక్కా. నేనూ కూర్చుంటాను.”

పెద్దక్క వయసులోనూ నోటిలోనూ అందరికంటే పెద్దది. గేటు దగ్గర ఆవిడ తలూపితేనే ఎవరికైనా లోపల పని.

“నీ చప్పట్లకేగా మా సెలవు ఊడింది. ‘వాళ్ళే మెచ్చుకుని నవ్వుతుంటే మధ్యలో మీకేం నొప్పి’ అంటున్నాడట ఆ మహానుభావుడు.”

“ఆ వేళ నీ చేతులు చూసే కదా అక్కా, నేను...”

“నోర్ముయ్.”

“కొట్టింది అందరం. దొరికింది ఈ పిచ్చిది,” అని వెనకనుంచి ఒక ముసలమ్మ గొణిగింది. పెద్దక్క తల తిప్పేసరికి ఆమె దగ్గు నటించింది.

పిచ్చుక టెంటు బయట ఎండలోనే కూర్చుంది. పాప మీద కొంగు కప్పింది. మూడోనెల నిండని పిల్ల. పనికి పోతే పాలెవరు పట్టాలి? పోకపోతే ఆ పాలు పడే తిండెక్కడినుంచి తేవాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొద్దు వాలుతుండగా మంత్రిగారి కారు వచ్చింది. వెనకే కెమెరాలు. పిచ్చుక చటుక్కున లేచింది. ఈసారి ఎవరి చేతులూ చూడకూడదు, ప్రతి మాటా వినాలి. జనాన్ని తోసుకుని సరిగ్గా మైకు ఎదురుగా నిలబడింది.

“మీరంతా నా తోడబుట్టినవాళ్ళు,” అన్నాడు మంత్రి. “నేనన్నదొకటి, వాళ్ళు చూపించిందొకటి. అయినా మీ మనసు నొచ్చుకుని ఉంటే, ఇదిగో, చేతులు జోడిస్తున్నా. మీ పెద్దక్క ఇకమీదట గేటు ముందు కాదు, కార్మిక సంక్షేమ మండలిలో, నా పక్కన కూర్చుంటుంది.”

పెద్దక్క రెండు చేతులూ కలిశాయి. టెంటు చప్పట్లతో దద్దరిల్లింది. పిచ్చుక కదలకుండా మంత్రి నోటినే చూస్తూ నిలబడింది. సెలవు మాట ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది. కారు తలుపు పడింది.

“మరి సెలవో?” అంది పక్కనున్నామెతో.

“అంతటివాడు చేతులు జోడించాక ఇంకా సెలవేమిటే, ఆశకు అంతుండాలి,” అందామె. చప్పట్లకు ఎర్రబడిన అరచేతులు చీరకు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే పిచ్చుక తన పాలు గిన్నెలోకి పిండి పెట్టి, పాపను పక్కింటామె చేతిలో పెట్టి, ఏడుపు వినబడనంత దూరం పరుగెత్తింది. గేటులోంచి అందరూ లోపలికి పోతున్నారు. తన వంతు రాగానే కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

పక్కనే పెద్దక్క కుర్చీలో కూర్చుని ఉంది. భుజాన నిన్న మంత్రి కప్పి వెళ్ళిన శాలువా.

“అక్కా, సెలవు అడగడానికి రాలేదు. పనిలోకే వచ్చాను. పిల్లను వదిలేసి వచ్చాను. తలూపు అక్కా.”

పెద్దక్క ఆమె వైపు చూడలేదు.

“మంత్రిగారి ముందు మా అందరి పరువూ తీశావు కదే. ఊరంతా నిన్నటి వీడియోనే చూస్తోంది, ముందు వరుసలో నువ్వొక్కదానివే చప్పట్లు కొట్టలేదు.”