లేని చెయ్యి

"ఈ ఎడమ చెయ్యి ఎవరిదన్నా?" ఫ్లెక్సీ చూపిస్తూ అడిగింది అఖిల.

ప్రపంచ పారా పోటీల్లో పతకాలు గెలిచిన భారత జట్టుకు బోధన్ బస్టాండు ముందు కట్టిన స్వాగతం అది. అందులో ఈటె విసిరి కాంస్యం తెచ్చిన అఖిల ఎడమ చేతిని లీడర్ భానుప్రసాద్ పైకెత్తి పట్టుకున్నాడు. అఖిలకు మోచేతి కింద ఆ చెయ్యే లేదు.

"నిండుగ కనవడాలె గద చెల్లె! కంప్యూటర్‌ల పెట్టించిన," అన్నాడు భానుప్రసాద్ గర్వంగా.

"రెండు చేతులుంటే నన్ను ఆ జట్టులకే రానియ్యరు. పతకం వాపస్ ఇయ్యాల్నా మరి?"

"నా మీద లేస్తవేంది? గట్ల వెయ్యమన్నది మీ బాపే!"

అఖిల గిర్రున తిరిగింది. చెరుకు తోట నుంచి నేరుగా వచ్చిన తండ్రి లింబయ్య తల దించుకున్నాడు. ఆమె నాలుగో ఏట ఆ చెయ్యి నలిగింది ఆయన తిప్పుతున్న చెరుకు రసం మిషన్‌లోనే.

"ఒక్కపారి సూడాలనిపించింది బిడ్డా."

నోటిదాకా వచ్చిన తిట్టును అఖిల మింగేసింది.

"సూసినవు గద బాపూ. ఇగ తీసెయ్యి. ఈటె ఇసిరింది గా చెయ్యి కాదు."

ఫ్లెక్సీ కట్టడానికి తెచ్చిన నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. లింబయ్య నడుముకున్న కొడవలి తీసి ఎక్కాడు.

"నా ఫొటో పైలం!" కింద నుంచి అరిచాడు భానుప్రసాద్.

లింబయ్య పైలంగానే, ఆ చెయ్యి వరకే కోశాడు. ఫ్లెక్సీలో భానుప్రసాద్ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, పిడికిట్లో ఖాళీ ఆకాశాన్ని పైకెత్తి నిలబడ్డాడు.