గోరంత కొస

"కొస వదలండి మహాప్రభో, కొస!" బావ నెత్తి కొట్టుకున్నాడు.

టైలరు తన చేతిలోని గాలాన్ని చూసుకున్నాడు. నైలాన్ తాడు గాలం కంతలో దూరి, తన మీద తానే ఐదు చుట్లు తిరిగి, వెనక్కి వచ్చి బిగుసుకుంది. ముడి చూడటానికి ముచ్చటగానే ఉంది. పక్కన మిగలాల్సిన కొస మాత్రం మొదలంటా తెగిపోయింది.

"నేనెప్పుడు కోశాను?"

"నన్నడుగుతారేంటి? కత్తెర మీ చేతిలోనే ఉందిగా!"

నిజమే. ముప్ఫై ఏళ్లుగా బొత్తాం కుట్టడం, ముడి వేయడం, మిగిలిన పోగును బట్టకు ఆనించి కత్తిరించడం. పోగు వేలాడితే టైలరుకు నామోషీ. ఆ పనేదో చెయ్యి తనంతట తానే చేసేస్తోంది, మనిషికి కబురైనా పెట్టకుండా.

"నూలు దారానికి పట్టుంటుంది. ఇది నున్నగా ఉంటుంది," అన్నాడు బావ. "బరువు పడగానే ముడి కాస్త సర్దుకుంటుంది. గోరంత కొస లేకపోతే ఆ చివర లోపలికి జారి మొత్తం ఊడిపోతుంది. ఇంకో మాట, బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడికి తాడు కాలి బలం పోతుంది."

బావ అంటే టైలరు భార్యకు అన్న. ఒకప్పుడు బోటు మీద వెళ్లేవాడు. మూడేళ్ల కిందట వాళ్లిద్దరి తమ్ముడు సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటి నుంచి బావ ఒడ్డునే కూర్చుని ఊళ్లోవాళ్లకు గాలాలు కట్టిస్తున్నాడు. రెడీమేడ్ బట్టల దెబ్బకు కొట్టు మూతపడి, టైలరు బోటెక్కుతానన్నప్పుడు, "ఆ సముద్రం మీకెందుకండీ, ఇంట్లో మిషను ఉందిగా" అని నెలరోజులు మొత్తుకున్నాడు. టైలరు వినలేదు. వద్దంటే చాలు, చేసి తీరాల్సిందే అనే రకం. ఆ సంగతి బాగా తెలిసిన భార్య మాత్రం ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

"మీ ఇష్టమండీ. నేర్చుకునేదేదో గట్టిగా నేర్చుకోండి," అంది.

బోటు నడిపే సరంగు దగ్గర ఒక్కటే చోటు ఖాళీ ఉంది. షరతు కూడా ఒక్కటే. ముప్ఫై గాలాలు ఇంట్లో తీరిగ్గా కట్టుకుని రావాలి. ఒక్కోదానికి ఇనుప గుండు వేలాడదీస్తాడు. నిలిస్తే బోటు, జారితే ఇల్లు.

ఇంట్లో సాధన మొదలైంది. టైలరు ముడి వేసేవాడు. భార్య గాలాన్ని కిటికీ ఊచకు తగిలించి, అరచేతికి గుడ్డ చుట్టుకుని, తాడు పట్టుకుని లాగేది.

"ఇది జారింది."

"మళ్లీ కోశానా?"

"మీరు కాదులెండి, మీ చెయ్యి!" అని నవ్వేది.

మూడో వారానికి చెయ్యి దారికొచ్చింది. లాగీ లాగీ ఆమె అరచెయ్యి కందిపోయింది గానీ ముడి ఒక్కటీ కదల్లేదు. పరీక్ష ముందురోజు సాయంత్రం టైలరు ముప్ఫై గాలాలూ కట్టి, ప్రతి కొసనూ గోటితో కొలిచి, రేకు డబ్బాలో పేర్చాడు. పిల్లాడిలా మురిసిపోయాడు.

"చూశావా?"

"చూశాను. ఇక లేచి స్నానం చేసి రండి. నీళ్లు చల్లారిపోతున్నాయి."

మర్నాడు రేవులో సరంగు మొదటి గాలానికి గుండు తగిలించాడు. ముడి జర్రున జారింది. రెండోది జారింది. మూడోదీ అంతే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సరంగు నవ్వలేదు.

"కొసలేవయ్యా?"

టైలరు డబ్బాలోకి వంగి చూశాడు. ముప్ఫై ముళ్లకూ కొసలు మొదలంటా తెగి ఉన్నాయి.

"గాలం జారితే చేప పోతుంది. నడుముకు కట్టిన తాడు జారితే మనిషే పోతాడు," అన్నాడు సరంగు. "నీకు బట్టలే నయం. వెళ్లు."

టైలరు ఇంటికొచ్చి డబ్బాను గోడకేసి కొట్టాడు.

"కొలిచాను! ఒక్కోటీ కొలిచాను! నాకు గుర్తుంది!"

"అలవాటండీ," అంది భార్య, చెదిరిపోయిన గాలాలు ఏరుతూ. "ముప్ఫై ఏళ్ల అలవాటు నెలలో పోతుందా?"

టైలరు నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, ఆ చేతుల సంగతి చూసినవాడేగా.

బోటు వెళ్లింది. పది రోజులకు నిండుగా తిరిగొచ్చింది. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే దిగారు, ఒంటిమీద గీటైనా లేకుండా. టైలరు కిటికీ దగ్గర నిలబడి అందరినీ చూశాడు. తన చోటులో వెళ్లినవాడు కొడుకుని భుజాన ఎక్కించుకుని పోతున్నాడు.

ఆ సాయంత్రమే పక్కింటావిడ ప్యాంటు అంచు కుట్టమని తెచ్చింది.

"వేరే ఎవరికైనా ఇవ్వండమ్మా," అన్నాడు టైలరు. "నా చేతుల్ని నేనే నమ్మను. మీరెలా నమ్ముతారు?"

కుట్టుమిషను మీద కప్పిన దుప్పటి అలాగే ఉంది. ఆమె వెళ్లిపోయాక అతను మంచం మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో పరాయి చేతుల్ని చూసినట్టు చూశాడు. భార్య వచ్చి పక్కన కూర్చుని ఆ చేతుల్ని తన ఒళ్లోకి తీసుకుంది. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"మీ చేతుల తప్పేం లేదండీ."

"మరి తప్పెవరిది?" అని అరిచాడు టైలరు.

భార్య ఆ చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ముప్ఫై కొసలూ కత్తిరించింది ఆమే.