పెడలు మీద పసుపు

కారు బ్రేకు దగ్గరి రెండు తీగల మధ్య పరీక్షకు పెట్టిన చిన్న బల్బు వెలుగుతోంది.

బ్రేకు తొక్కాను. ఆరాలి. ఆరలేదు.

అమెరికా ప్రొఫెసరొకాయన వెళ్తూ యూనివర్సిటీకి ఇచ్చిపోయిన కారు అది. అందులో క్రూజ్ కంట్రోల్ అని ఒకటుంది. మీట నొక్కితే, కాలు తీసేసినా కారు అదే వేగంతో పోతుంది. బ్రేకు తొక్కగానే కరెంటు తెగి వదిలెయ్యాలి.

నిన్న వదల్లేదంటాడు డ్రైవరు సామేలు. ఆర్ట్స్ కాలేజీ రోడ్డులో దీపస్తంభానికి గుద్దాడు.

తాగి ఉంటాడన్నాడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు ఉమాపతి. కారులో లోపం ఉందో లేదో చూసి ఒక్క మాట చెప్పమన్నాడు. షెడ్డులో ఎలక్ట్రీషియన్ని నేనే. లోపం లేదంటే సామేలు ఉద్యోగం పోయినట్టే.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు వాడు.

"తాగలేదన్నా. యేసయ్య తోడు. బ్రేకు తొక్కిన. అది గుంజుకపోయింది."

కార్తీకం నుంచి వాడితో నాకు మాటల్లేవు.

ఆ నెలలో ఒక పొద్దు మా ఆమెకు ఊపిరాడలేదు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఈ కారే అడిగాను. తాళంచెవి వాడి చేతిలోనే ఉంది. ఆఫీసరు చెప్పందే బండి తియ్యనన్నాడు.

బౌద్ధనగర్ దాటకముందే రిక్షాలోనే ఆమె ప్రాణం పోయింది.

బ్రేకు పక్కనున్న స్విచ్చి విప్పాను. తొక్కినప్పుడు బయటికి రావలసిన గుండీ లోపలే అతుక్కుపోయింది. చుట్టూ ఎండిన జిగురు. పసుపుపచ్చగా ఉంది.

దసరాకు షెడ్డులో బండ్లన్నిటికీ ఆయుధపూజ చేసింది ఆమే. ఇంకెవరైనా అయితే బండి ముందు భాగానికి బొట్టు పెట్టి ఊరుకుంటారు. ఆమె లోపలికి వంగి పెడళ్లకు పసుపు రాసింది. కొబ్బరినీళ్లు వాటి మీదే పోసింది.

"కాలితో తొక్కేది గదా, దానికే ముందు మొక్కాల" అంది.

పెట్రోలులో తడిపిన గుడ్డ నా చేతిలో ఉంది.

ఒక్కసారి తుడిస్తే స్విచ్చి పనిచేస్తుంది. ఆమె మాట ఎవరి నోటా రాదు. సామేలు తాగినవాడుగా మిగిలిపోతాడు.

వాడు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు.

గుడ్డ కింద పడేశాను.

స్విచ్చి అట్లాగే తీసుకెళ్లి ఉమాపతి బల్ల మీద పెట్టాను. లోపం ఇదేనని, పూజలో పోసిన కొబ్బరినీళ్లు ఎండి అతుక్కుందని, డ్రైవరు తప్పు లేదని చెప్పాను.

ఆయన వాసన చూశాడు. "బ్రేకు మీద కొబ్బరినీళ్లు పోసిన ఆ మహాతల్లి ఎవరయ్యా?"

"నా భార్య."

"పేరు?"

కాపురం చేసినన్నాళ్లూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. మా సీమలో మగవాళ్లు పిలవరు.

"అన్నపూర్ణ" అన్నాను.

స్విచ్చి తిరిగి తీసుకుని షెడ్డుకొచ్చి, క్రూజ్ కంట్రోల్ తీగ పీకేసి కారు వాడికి అప్పగించాను. సామేలు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కన్నా. ఇంటికాడ దించుత."

ఈసారి వాడు ఆఫీసరును అడగలేదు.

నేను ఎక్కకుండా తార్నాకలో ఇంటిదాకా నడిచే వచ్చాను. స్విచ్చి జేబులో ఉంది.