తలుపు అవతల ఓజస్

తలుపు ధడేలుమని మూసుకుంది. చెత్త తీసుకెళ్ళేవాడికి బుట్ట అందిస్తున్న శలాక ఒక్క ఉదుటున వెనక్కి తిరిగింది. అప్పటికే లాచ్ పడిపోయింది. లోపల స్టవ్ మీద పాలు. హాల్లో ట్యాబ్ ముందు కూర్చోబెట్టి వచ్చిన, నాలుగేళ్ళు నిండని కొడుకు. ఆమె చేతిలో మిగిలింది ఖాళీ బుట్ట.

"ఓజూ! తలుపు తియ్యి కన్నా!"

లోపల యాప్‌లో మరాఠీ అక్షరాలు నేర్పే చిలక గొంతు సవరించుకుంది. "క... కమళ్!"

"క... కమల్!" అంది ఓజస్ గొంతు. వాడికి 'ళ' ఇంకా నోరు తిరగదు.

"ఓజూ, ఆ చిలక సంగతి తర్వాత! స్టూలు లాక్కొచ్చి లాచ్ తిప్పు!"

"ఖ... ఖటారా!" అంది చిలక. వాడి గొంతూ అదే అంది.

ఎదురింటి పెద్దావిడ బేంద్రే కాకూ చేతికంటిన పిండితోనే బయటికి వచ్చింది. "మళ్ళీ పడిందా? ఈ నెల్లో ఇది మూడోసారి గదే! తలుపుకి చెప్పైనా అడ్డం పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

"కాకూ, పిల్లాడు లోపలున్నాడు. పాలు పొయ్యి మీదున్నాయి."

కాకూ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. "రెండో తాళంచెవి?"

"ఆయన సంచిలో. ఆయన లోకల్ రైల్లో. ఈపాటికి ఠాణే దాటి ఉంటారు."

కాకూ తన ఫోన్‌లోంచి శలాక నంబరు కొట్టింది. లోపల ఫ్రిజ్ మీద ఫోన్ మోగింది, మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ మోగితే స్నానం మధ్యలోంచి సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చే పిల్లాడు ఇవాళ రాలేదు. "గ... గణపతీ!" అన్న గొంతు మాత్రం వినిపించింది.

కాసేపటికి మాడిన పాల వాసన తలుపు సందులోంచి బయటికి వచ్చింది. ఆ వెనకే ఇంకో వాసన. శలాకకి అదేమిటో వెంటనే తెలిసింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది.

ముంబై పక్కన ఈ డోంబివలీలో ఒక గుమ్మం ముందు అరుపు వినపడితే ఐదు నిమిషాల్లో బిల్డింగంతా అక్కడే ఉంటుంది. కింది అంతస్తు ముసలాయన గోగటే ఆజోబా చేతికర్ర పైకెత్తి జనాన్ని ఆపాడు. "ఎవరూ బెల్లు నొక్కొద్దు! లైటు వెయ్యొద్దు! చిన్న నిప్పురవ్వ చాలు. రామాశీష్, ఇనప కమ్మీ పట్రా, పరుగెత్తు!"

వాచ్‌మన్ రామాశీష్ మెట్లు దిగి మాయమయ్యాడు. శలాక తలుపుకి చెవి ఆనించింది.

"క... కమల్."

"కాకూ, వాడు మళ్ళీ మొదటికొచ్చాడు. ఇందాకట్నుంచీ అవే నాలుగు మాటలు. నేనేమన్నా వినిపించుకోవడం లేదు!"

"ఆడుకుంటున్నాడే, పిచ్చిదానా."

ఆజోబా కూడా విన్నాడు. గొంతు తగ్గించి, "గ్యాస్ పీలిస్తే మత్తెక్కుతుంది. మత్తులో మనిషి ఒకే మాట అంటుంటాడు," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. శలాక రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది.

"ఓజూ! పడుకోకు! మాట్లాడుతూనే ఉండు కన్నా! గ అను! గ!"

"గ... గణపతీ!" అంది లోపలి గొంతు. ఆమెకి ప్రాణం లేచొచ్చి, మళ్ళీ పోయింది.

రామాశీష్ కమ్మీ తెచ్చాడు. నాలుగో దెబ్బకి తలుపు చీలి, లాచ్ ఊడి కింద పడింది. కాకూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి దూరి సిలిండర్ కట్టేసింది, కిటికీలన్నీ తెరిచింది. శలాక హాల్లోకి ఉరికింది.

చాప మీద ట్యాబ్ ఉంది. పక్కన సగం తిన్న చిక్కీ ఉంది. తెరమీద చిలక రెక్కలాడించింది. "శభాష్! నువ్వు ఎలా పలికావో మళ్ళీ విను!" అంది. ట్యాబ్‌లోంచి, ఇందాకెప్పుడో రికార్డైన ఓజస్ గొంతు, "క... కమల్!" అంది.

ఓజస్ లేడు.

మంచం కింద లేడు. పరదా వెనక లేడు. బాత్రూమ్ ఖాళీ. బాల్కనీలో బట్టలారేసే గ్రిల్లుకున్న చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది, దాని కింద స్టూలు ఉంది. అది నాలుగో అంతస్తు. ఆ స్టూలు పొద్దున తనే వేసిందో, వాడు లాక్కెళ్ళాడో శలాకకి గుర్తు రాలేదు. అటు రెండడుగులు వేసి నిలబడిపోయింది. వంగి కిందికి చూడాలి. చూడలేకపోయింది.

"కాకూ, నువ్వు చూడు," అంది.

కాకూ కూడా కదల్లేదు.

"భాభీ! ఇటు రండి, ఇటు!" అని రామాశీష్ కేక వేశాడు. బాల్కనీ నుంచి కాదు, బయట మెట్ల మీంచి.

టెర్రస్‌కి వెళ్ళే మెట్ల మీద, పాత నీళ్ళ డ్రమ్ము వెనక ఓజస్ ముడుచుకుని కూర్చున్నాడు. బుట్ట పట్టుకుని వచ్చిన అమ్మ వెనకే బయటికి వచ్చి, దాక్కుందామని పైకెక్కాడు. అందరూ తలుపునే చూశారు గానీ, తలెత్తి పైకి చూసినవాడు ఒక్కడూ లేడు. వాడి చెంపల నిండా కన్నీటి చారలు. నోరు మాత్రం రెండు చేతులతో గట్టిగా మూసుకున్నాడు.

శలాక వాణ్ణి లాగి గుండెకి అదుముకుంది. వీపు మీద రెండు దెబ్బలేసింది, వెంటనే అక్కడే ముద్దులు పెట్టింది. "ఇక్కడే ఉన్నావుగదరా! ఇంతసేపు పేరు పెట్టి పిలుస్తుంటే పలకవేం?"

ఓజస్ ఆమె భుజం మీంచి పగిలిన తలుపు వైపు బెదురుగా చూశాడు.

"నువ్వు పిలిస్తే లోపల ఓజస్ పలికాడుగా ఆయీ... ఇంక నీకు వాడేనా కొడుకు?"