గడప దాటని పెద్దాయన

సిస్టర్ సూదుల ట్రేతో తమ్ముడి మంచం దాటి ముందుకు వెళ్లిపోయింది.

అక్క గబుక్కున లేచింది. "మావాణ్ణి మరిచిపోయారు."

"మరిచిపోలేదమ్మా. చిన్న హెర్నియా ఆపరేషను. చీము పట్టకుండా ఆపరేషనుకు ముందు వేసిన ఒక్క డోసు చాలన్నారు కొత్త డాక్టరుగారు."

"పక్క మంచానికి ఐదు రోజులు, మాకు ఒక్కటేనా? మావాడేం సవతి బిడ్డా?"

తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. వాడి కుట్లకు చీము పడుతుందేమోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"ఆ కొత్తాయన మాట విను తల్లీ."

అన్నది చివరి గది పెద్దాయన. ఆయన పొట్టమీది పుండు ఏ మందుకూ లొంగడం లేదట. ఆ క్రిమి ఇంకెవరికీ అంటకూడదని గడప ఇవతలికి కాలు పెట్టడు. లోపలే కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లనల్లా "సూదులు ఎన్నో రోజు?" అని అడుగుతుంటాడు. వార్డు ఆయనకు పెట్టిన పేరు గుమ్మం తాత.

"అక్కర్లేని మందు మేలు చేయదమ్మా. క్రిములు దానికి రాటుదేలిపోతాయి."

"మీకు పనిచేయలేదని మావాడికీ వద్దంటారా? మధ్యలో మీకొచ్చిన కడుపునొప్పేమిటి?"

వార్డు పక్కున నవ్వింది. ఆయనా నవ్వబోయాడు.

"ఆ నొప్పి సంగతే చెబుతున్నా తల్లీ."

ఆమె వినలేదు. డ్యూటీ డాక్టరు వెంటపడి, ఆయన విసిగిపోయేదాకా అడిగి, ఐదు రోజులకు రాయించుకుంది.

మూడో రోజుకు తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజుకు పిల్లాడు వేలాడిపోయాడు. కుట్లు పట్టుకుని ఏడుస్తూ బాత్రూముకు నడిచాడు.

కొత్త డాక్టరు వచ్చి చూశాడు. "కుట్లు బాగున్నాయి. ఈ బాధంతా సూదుల వల్లే. ఆపేయండి."

రెండు రోజులకు తమ్ముడు తేరుకుని గంజి తాగాడు. అక్క నేరుగా చివరి గదికి వెళ్లింది, క్షమించమని అడగడానికి.

మంచం మీద పరుపు లేదు. ఆయా మందునీళ్లతో నేల తుడుస్తోంది, సిస్టర్ దగ్గరుండి చూస్తోంది.

"పెద్దాయన ఇంటికెళ్లారా, సిస్టర్?"

"లేదమ్మా, పొద్దున పోయారు."

"నోరు పారేసుకున్నాను ఆయన మీద."

"ఆయన ఏమీ అనుకోలేదు. మీ తమ్ముడికి సూదులు ఆపారా అని నిన్న కూడా అడిగారు."

"మావాడి గురించి ఆయనకెందుకంత?"



"ఆపరేషనైన ప్రతివాళ్లకూ ఐదు రోజులు సూదులు వేయాలని పాతికేళ్ల కిందట ఈ వార్డులో పద్ధతి పెట్టిన పెద్ద సర్జన్ ఆయనేనమ్మా."