వణకని చెయ్యి

"ఇది చేతిపని కాదు. మిషను మీద కొట్టింది," అంటూ ప్రసన్నలక్ష్మి కలంకారీ దుప్పటిని బల్ల మీదకు విసిరింది.

పెడనలోని ఆ అద్దకం షెడ్డులో పన్నెండు బల్లల దగ్గరా పని ఆగిపోయింది. హైదరాబాదులో ఆమెకు దుకాణం ఉంది. అక్కణ్ణుంచి నాలుగొందల దుప్పట్ల ఆర్డరు రాకపోతే వానాకాలమంతా షెడ్డుకి తాళమేనని ఓనరు గోవర్ధనరావు పొద్దున్నే అందరికీ చెప్పి ఉంచాడు.

"ఈ షెడ్డులో ఫ్యాను తప్ప మిషను లేదు మేడమ్," అన్నాడు వీరాంజనేయులు. ఆ దుప్పటి అద్దింది అతనే. "కావాలంటే చూడండి."

స్టీలు సీసా మూత తీసి రెండు గుక్కల మజ్జిగ తాగాడు. ఒక లవంగం నోట్లో వేసుకున్నాడు. చెక్క అచ్చును నల్లరంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. గీతకు గీత వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కుంది.

"మందు మానేసి ఏడు నెలలైంది మేడమ్. ఈ నిలకడ దాని ఫలితమే."

ఆ సంగతి పెడనలో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా ఉంటే వీరాంజనేయులే రోడ్డు మీద ఆపి మరీ చెప్పేవాడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఫోన్లో రోజుకో సూక్తి, నందివాడ స్కూల్లో సంకల్పబలం మీద ఉపన్యాసం. గుడివాడలో ఒక క్లబ్బువాళ్ళు కప్పిన శాలువాను మొన్న రోహిణి కార్తెలో కూడా భుజం మీంచి దించలేదు. తోటివాళ్ళు మందు పేరెత్తితే చాలు, కూర్చోబెట్టి గంటసేపు బాగుచేసేవాడు. తన నిగ్రహానికి మూలం మజ్జిగేననేవాడు గానీ, ఆ సీసాలోంచి ఎవరికీ గుక్కెడు పోసేవాడు కాదు.

"చేత్తోనే వేశారు, ఒప్పుకుంటాను," అంది ప్రసన్నలక్ష్మి. "కానీ నా కస్టమర్లు ఇక్కడికొచ్చి చూడరు కదండీ. దుప్పటి తిరగేసి, ఎక్కడైనా గీత తప్పిందా అని వెతుకుతారు. తప్పితేనే వాళ్ళకి చేతిపని."

ఆమె మూలనున్న పాత సరుకులోంచి ఒక దుప్పటి లాగింది. నల్లగీత ఒకచోట, ఎర్రపువ్వు ఇంకోచోట. ఒక నెమలి ముక్కు పక్క నెమలి తోకలోకి దూరిపోయింది. ఆమె ముఖం వెలిగింది.

"ఇదీ ప్రాణమున్న పని. ఇది వేసినాయన ఏరీ?"

వీరాంజనేయులు స్టీలు సీసా మూత బిగించుకున్నాడు.

"అదీ ఇతనేనమ్మా," అన్నాడు గోవర్ధనరావు. "అప్పట్లో కొంచెం వేరే పద్ధతిలో వేసేవాడు."

"పొద్దున్నే చెయ్యి వణికే పద్ధతి," అన్నాడు పక్క బల్ల అయ్యప్ప.

"నాకు ఆ పద్ధతిలోనే కావాలి. ఎల్లుండి దాకా బందరులో ఉంటాను. వెళ్ళేలోపు ఒక్కటి వేసి చూపించండి, ఆర్డరు రాసిస్తాను."

ఆమె కారు మలుపు తిరగ్గానే గోవర్ధనరావు అయ్యప్పను బండి మీద పంపి రెండు క్వార్టర్ సీసాలు తెప్పించాడు.

"వీరాంజనేయులూ, షెడ్డు కోసం. రెండంటే రెండు రోజులు."

"ప్రాణం అడగండి సార్, ఇస్తాను. ఇది మాత్రం అడక్కండి. నా ఎదుగుదల ఏమైపోవాలి?"

"పన్నెండు బల్లల వాళ్ళం పస్తులుండి నీ ఎదుగుదల చూస్తూ కూచోవాలా బావా?" అన్నాడు అయ్యప్ప.

అందరూ రాజకుమారి వైపు చూశారు. గుడ్డలు ఉడకబెట్టే గంగాళం దగ్గరున్న ఆమె వీరాంజనేయులు భార్య. మొగుడు మానేశాడని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి తలనీలాలిచ్చి వచ్చిన మనిషి. జుట్టు ఇంకా చెవుల దాకానే పెరిగింది.

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "స్వామికి నేను చెప్పుకుంటాలే. తాగవయ్యా."

వీరాంజనేయులు శాలువా తీసి, మడిచి, మేకుకి తగిలించాడు. కళ్ళు మూసుకుని, విషం మింగుతున్నవాడిలా సీసా ఖాళీ చేశాడు. కాసేపాగి అచ్చు తీసుకున్నాడు.

గీత తిన్నగా పడింది.

"ఎక్కలేదేమో," అని గోవర్ధనరావు రెండో సీసా అందించాడు. అదీ ఖాళీ అయింది. ఈసారి వరస స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది.

అయ్యప్ప వంగి గీతను చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. "ఏడు నెలలు మానినోడివి, మూత వాసనకే తూలాలి కదా బావా?"

"సంకల్పబలం," అన్నాడు వీరాంజనేయులు, లవంగం నములుతూ.

గోవర్ధనరావు తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. "అయిపోయింది. రేపే తాళం వేసేద్దాం," అన్నాడు.

అప్పటికి గానీ వీరాంజనేయులు ముఖంలో రంగు మారలేదు. "ఆగండి సార్. ఎల్లుండికి వణుకుతుంది. పూచీ నాది," అని స్టీలు సీసా పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడు.

రాజకుమారి వెంటే వెళ్ళింది. అతను మురుక్కాలవ పక్కన నిలబడి సీసా వంచుతున్నాడు. మజ్జిగ ఎర్రగా పారింది. ఆ వాసన ఆమెకు పదిహేనేళ్ళుగా తెలుసు. ఆమె చెయ్యి దానంతటదే మెడ మీది పొట్టి జుట్టు మీదికి వెళ్ళింది.

"అరవకే," అన్నాడు వీరాంజనేయులు గొంతు తగ్గించి. "పొద్దున్నే ఇది పడితేనే నా చెయ్యి నిలకడగా ఉంటోంది. ఎల్లుండికల్లా వణకాలంటే, ఇవాళ్టి నుంచి నిజంగా మానెయ్యాలి."